యాప్ బటన్ల మీద తెలుగు ఫాంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఉంటూ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు మొబైల్ యాప్‌లు చేసిపెట్టడం నా పని. జీడిపప్పు కొట్లు, చీరల షాపులు, కోచింగ్ సెంటర్లు, వ్యాన్లు తిప్పేవాళ్లు, ఎవరు వచ్చినా యాప్ తెలుగులోనే కావాలంటారు. ఈ పని నేర్చుకుంటున్న కాలేజీ పిల్లలు, శ్రీకాకుళం నుంచి డిజైన్లు పంపే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది బటన్ల గురించే. పేజీలో తెలుగు బాగానే కనిపిస్తుంది, బటన్ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి చెడిపోతుంది. వాళ్ల ప్రశ్నలు, నా జవాబులు ఇవి.

ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్ సరిపోదా? విడిగా ఎందుకు పెట్టాలి?

చాలా యాప్‌లకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఉంటుంది, ఐఫోన్లో కోహినూర్ తెలుగు ఉంటుంది. రెండూ చదవడానికి హాయిగా ఉండేవే. విడిగా ఫాంట్ పెట్టడానికి నాకు తెలిసి గట్టి కారణాలు రెండు. ఒకటి, కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి అక్షరాల ఎత్తు, లావు మారకుండా అన్ని ఫోన్లలో ఒకేలా ఉండాలనుకోవడం. రెండోది, కొట్టు బోర్డు మీద, సంచి మీద ఉన్న అక్షరం యాప్‌లోనూ కనబడితే పాత ఖాతాదారు ‘ఇది మన కొట్టే’ అని గుర్తుపట్టడం. ఈ రెండూ అవసరం లేకపోతే సిస్టమ్ ఫాంట్‌తోనే వెళ్లండి, సగం తలనొప్పి తగ్గుతుంది.

బటన్‌కి ఏ ఫాంట్ మంచిది?

బటన్ మీద మాట చిన్నది, చూసే సమయం ఇంకా చిన్నది. అందుకే వంపులు, సొంపులు ఎక్కువున్న ఫాంట్ శుభలేఖకు బాగుంటుంది కానీ బటన్‌కి పనికిరాదు. నేను మూడు చూస్తాను. అక్షరం లోపలి ఖాళీలు తెరిచి ఉన్నాయా (ఘ, ఝ, ణ చూస్తే తెలిసిపోతుంది), వత్తు చిన్న సైజులో కూడా గుర్తుపట్టేలా ఉందా, ఒకటికి మించి లావులు ఉన్నాయా.

ఈ మూడింటికీ నిలబడే ఉచిత ఫాంట్లు నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు. కొంచెం గుండ్రంగా, పిల్లల యాప్‌లా ఉండాలంటే బాలూ తమ్ముడు. మండలి చాలా అందమైన ఫాంట్, పేరా చదువుతుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ అందులో ఒకే లావు ఉంది కాబట్టి బటన్ మీద పలచగా అనిపించవచ్చు. రామభద్ర పుట్టుకతోనే లావు. శీర్షికకు, పెద్ద బటన్ ఒక్కదానికి బాగుంటుంది. వరసగా ఆరు బటన్లకు అదే వాడితే తెర మొత్తం అరుస్తున్నట్టు ఉంటుంది.

గిడుగు, గురజాడ పేర్ల మీద ఫాంట్లున్నాయి కదా. మన జిల్లాల వాళ్లు, అవే పెడదామా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాకు సంతోషమే. సిలికానాంధ్ర అనే ప్రవాసాంధ్రుల సంస్థ ద్వారా ఉచితంగా విడుదలైన ఫాంట్లలో అవి రెండూ ఉన్నాయి. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. గురజాడ అప్పారావు గారి ఇల్లు మా విజయనగరంలోనే ఉంది.

అయితే ఫాంట్‌గా చూస్తే గిడుగు అక్షరాలు సన్నగా, ఇరుకుగా ఉంటాయి. పక్కన వేరే ఫాంట్ పెట్టి ఒకే సైజు ఇస్తే ఇది బాగా చిన్నగా కనిపిస్తుంది. పత్రిక శీర్షికల్లాంటి చోట దాని అందం తెలుస్తుంది. బటన్ మీద వాడాలంటే సైజు పెంచాలి, పెంచాక మళ్లీ ఎత్తు చూసుకోవాలి.

నా మాట వింటే, ఆ ఇద్దరి మీద గౌరవం బటన్ మీద రాసే మాటలో చూపించండి. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడినవాళ్లు వాళ్లు. ‘సమర్పించుము’ తీసేసి ‘పంపండి’ అని రాయండి. ‘నిష్క్రమించు’ బదులు ‘బయటికి’ చాలు. మాట పొట్టిదైతే ఫాంట్ సమస్యలు కూడా సగం పోతాయి.

డీటీపీ షాపులో బ్యానర్‌కి వాడిన ఫాంటే కావాలని ఓనర్ పట్టుబడుతున్నారు. ఏం చేయాలి?

ముందు అది యూనికోడ్ ఫాంటా కాదా చూడండి. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. మన ప్రెస్సుల్లో, ఫ్లెక్స్ షాపుల్లో ఏళ్ల తరబడి వాడుతున్న పాత అను ఫాంట్ల లాంటివి యూనికోడ్ కావు. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. ఆ షాపు నుంచి వచ్చిన మాటను కాపీ చేసి యాప్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చి వరస వస్తుంది. ఆ ఫాంట్ ఫైల్ కూడా కలిపేస్తే కంటికి తెలుగులా కనిపిస్తుంది, నిజమే. కానీ టాక్‌బ్యాక్ పెట్టుకుని వినే అంధులకు ఆ బటన్ అర్థంలేని మోత. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పనికిరాదు. దయచేసి ఆ దారి పట్టకండి.

ఓనర్‌కి బోర్డు ఫోటో పక్కన మూడు యూనికోడ్ ఫాంట్లలో ఆయన కొట్టు పేరే రాసి చూపించండి. నా అనుభవంలో నూటికి తొంభై మంది ‘ఇది కూడా మనదానిలాగే ఉంది’ అని ఒకటి ఎంచుకుంటారు. కొట్టు పేరు మాత్రం బోర్డులో ఉన్నట్టే కావాలంటే దాన్ని బొమ్మగా లోగోలో పెట్టండి, బటన్లు యూనికోడ్‌లో ఉంచండి.

లైసెన్స్ సంగతి?

గూగుల్ ఫాంట్స్‌లో దొరికే తెలుగు ఫాంట్లు దాదాపుగా ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంటాయి. యాప్‌లో కలిపి ఇవ్వవచ్చు, డబ్బులకు అమ్మే యాప్‌లో కూడా. ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు, లైసెన్స్ కాగితం వెంట ఉంచాలి. కొనుక్కున్న ఫాంట్ అయితే ప్రింటుకు ఇచ్చిన అనుమతి యాప్‌కి చెల్లదు, సాధారణంగా దానికి వేరే లైసెన్స్ కొనాలి.

ఆండ్రాయిడ్‌లో ఎలా పెట్టాలి?

ప్రాజెక్టులో రెస్ ఫోల్డర్ కింద ఫాంట్ అనే ఫోల్డర్ చేసి ఫైల్ అందులో వేయండి. ఫైల్ పేరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. పెద్ద అక్షరం గానీ, హైఫన్ గానీ ఉంటే బిల్డ్ ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట తగిలించుకునే దెబ్బ ఇదే. తర్వాత బటన్‌కి ఫాంట్ ఫ్యామిలీ అన్న చోట ఆ పేరు ఇవ్వాలి. ఈ పద్ధతి 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చింది, ఆండ్రాయిడ్ఎక్స్ లైబ్రరీతో (అప్పట్లో సపోర్ట్ లైబ్రరీ) అంతకు ముందు ఫోన్లలోనూ పనిచేస్తుంది.

ఒక్కో బటన్‌కి విడిగా ఇవ్వకండి. థీమ్‌లో బటన్ స్టైల్ ఒకటి రాసి అక్కడే ఇవ్వండి. కంపోజ్ (ఆండ్రాయిడ్ తెరలను కోడ్‌లోనే రాసే గూగుల్ పనిముట్టు) వాడేవాళ్లైతే టైపోగ్రఫీలో లేబుల్ లార్జ్ అన్న స్టైల్ మార్చితే చాలు, గూగుల్ డిజైన్ పద్ధతి అయిన మెటీరియల్ 3 బటన్లు దాన్నే తీసుకుంటాయి.

ఐఫోన్లో ఫైల్ కలిపాను, ఫాంట్ మాత్రం రావడం లేదు.

మూడు చోట్ల చూడండి. ఫైల్ యాప్ టార్గెట్‌లో చేరిందా? యాప్ వివరాలుండే ఇన్ఫో ప్లిస్ట్ ఫైల్‌లో యాప్ ఇచ్చే ఫాంట్ల జాబితాలో ఫైల్ పేరు ఎక్స్‌టెన్షన్‌తో సహా ఉందా? కోడ్‌లో ఇచ్చింది ఫైల్ పేరా, పోస్ట్‌స్క్రిప్ట్ పేరా? ఐఫోన్ అడిగేది పోస్ట్‌స్క్రిప్ట్ పేరు, అంటే ఫాంట్ లోపల రాసి ఉండే పేరు. మ్యాక్‌లో ఫాంట్ బుక్ తెరిస్తే ఆ పేరు కనిపిస్తుంది.

ఈ మూడూ సరిగ్గా ఉండి లేబుల్‌లో వచ్చి బటన్‌లో రాకపోతే, మీరు ఐఓఎస్ 15తో వచ్చిన కొత్త బటన్ కాన్ఫిగరేషన్ వాడుతున్నట్టే. అందులో టైటిల్ లేబుల్‌కి నేరుగా ఇచ్చిన ఫాంట్ నిలవదు. టైటిల్ టెక్స్ట్ యాట్రిబ్యూట్స్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ఇవ్వాలి. దీని మీద నాకు ఒక రాత్రంతా పోయింది, మీకు పోకూడదని రాస్తున్నాను.

ఫ్లట్టర్‌లో?

ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు రెండూ చేసే పనిముట్టు ఇది. దాని పబ్‌స్పెక్ ఫైల్‌లో ఫ్యామిలీ పేరు, ఫైల్ దారి రాయాలి. అక్కడ ఖాళీల వరస ఒక్కటి తప్పినా పనిచేయదు. రాసిన తర్వాత హాట్ రీలోడ్‌తో ఊరుకోకుండా యాప్ పూర్తిగా ఆపి మళ్లీ నడపండి. బటన్లకు థీమ్‌లోని ఎలివేటెడ్ బటన్ థీమ్‌లో టెక్స్ట్ స్టైల్ ఇవ్వండి. ఆ టెక్స్ట్ స్టైల్‌లో రంగు పెడితే పనిచేయదు, రంగుకు ఫోర్‌గ్రౌండ్ కలర్ విడిగా ఉంటుంది.

రియాక్ట్ నేటివ్‌లో?

ఇదీ ఫ్లట్టర్ లాంటి పనిముట్టే. దీనితో వచ్చే బటన్‌కి స్టైల్ ఇవ్వడం కుదరదు. ప్రెసబుల్ లోపల టెక్స్ట్ పెట్టి సొంత బటన్ చేసుకోండి. ఆండ్రాయిడ్ ఫైల్ పేరును, ఐఫోన్ ఫాంట్ లోపలి పేరును చూస్తాయి కాబట్టి రెండూ ఒకటే అయ్యేలా ఫైల్ పేరు మార్చుకుంటే గొడవ ఉండదు.

బటన్‌లో వత్తులు కోసుకుపోతున్నాయి. ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి యాప్ చేశాను. నా ఫోన్‌లో అంతా శుభ్రంగా ఉంది. కొట్లో చూపిద్దామని వెళ్తే అక్కడి గుమస్తా గారు తన ఫోన్‌లో వేసుకున్నారు. అరవై దాటిన మనిషి. ఫోన్ చేయి చాచి పట్టుకుని కళ్లు చికిలించి, ‘ఏటి బాబూ ఇది, చెలించండి అని ఉంది?’ అని అడిగారు. తీసుకుని చూశాను. ‘చెల్లించండి’ అన్న మాటలో ల వత్తు బటన్ కింది అంచు దగ్గర తెగిపోయింది. పక్క బటన్ మీద ‘రద్దు’ కాస్తా ‘రదు’ అయింది, పైన ‘అన్నీ చూడండి’ అన్నది ‘అనీ చూడండి’ అయింది. డబ్బులు కట్టే బటన్ మీద ఉన్న మాట ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాని బటన్ ఆయనెందుకు నొక్కాలి? తప్పు పూర్తిగా నాది. బటన్ ఎత్తును ఇంగ్లీషు అక్షరాలు చూసి కొలిచాను.

ఇంగ్లీషు అక్షరం ఒక అంతస్తు ఇల్లు అనుకుంటే మనది మూడంతస్తులు. మధ్యలో అక్షరం, పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ‘స్త్రీ’ రాసి చూడండి, పైనా కిందా ఎంత చోటు తీసుకుంటుందో. ‘లక్ష్మి’ కూడా అంతే. మన దగ్గర లక్ష్మి పేరు లేని కొట్టు ఎక్కడుంది?

కోసుకుపోవడానికి నేను చూసిన కారణాలు ఇవి. బటన్‌కి ఎత్తు అంకెలో బిగించేయడం మొదటిది. ఎత్తును లోపలి మాటకు సరిపడా పెరగనివ్వండి, కనీసపు ఎత్తు మాత్రం ఇవ్వండి. వేలితో నొక్కడానికి ఆండ్రాయిడ్ వాళ్లు 48 డీపీ (తెర మీది సైజులకు ఆండ్రాయిడ్ వాడే కొలత), ఆపిల్ వాళ్లు 44 పాయింట్లు ఉండాలంటారు. రెండోది, ఇంక్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ అన్నదాన్ని ఆపేయడం. ఫాంట్‌లో అన్నిటికన్నా ఎత్తైన, లోతైన అక్షరాలకు సరిపడా పైనా కిందా చోటు వదిలేది అదే. ఇంగ్లీషు డిజైన్లలో మాట సరిగ్గా మధ్యకు రావాలని దాన్ని ఆపేస్తుంటారు. తెలుగు ఉన్న చోట ఆపకండి. కంపోజ్ 1.6 నుంచి అది ఆగి ఉండటమే మామూలు, కాబట్టి లైబ్రరీ మార్చాక బటన్లన్నీ మళ్లీ చూసుకోండి. మూడోది, లైన్ హైట్‌ని (ఒక్కో వరసకు ఇచ్చే ఎత్తు) ఫాంట్ సైజుకు సమానంగా ఇవ్వడం. తెలుగుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి చూడండి.

సిస్టమ్ ఫాంట్ వాడేవాళ్లకు ఒక మంచి కబురు. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే యాప్‌లలో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అన్న గుణం దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. మన లిపితో పాటు తమిళం, కన్నడం, మలయాళం, ఒడియా లాంటి ఎత్తైన లిపులను కుదించకుండా చూపించడానికే అది. బటన్ ఎత్తు బిగించి ఉంటే మాత్రం అప్పుడూ ఇబ్బందే.

మాట బటన్ మధ్యలో లేదు, పైకి పోయింది.

కోసుకుపోకుండా ఉంటే కంగారు పడకండి. ఫాంట్ తయారుచేసినవాళ్లు వత్తుల కోసం కింద ఎక్కువ చోటు వదులుతారు. వత్తు లేని ‘సరే’ లాంటి మాట పైకి ఉన్నట్టు, వత్తున్న ‘వద్దు’ సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కపక్కనే ఉన్న బటన్లలో ఒక్కోదానికి ఒక్కో ప్యాడింగ్ (మాట చుట్టూ వదిలే ఖాళీ) ఇచ్చి సరిచేయబోతే వరస చెడుతుంది. మరీ ఎక్కువగా ఉంటే అన్ని బటన్లకూ పైన ఒకటి రెండు డీపీలు కలపండి.

బోల్డ్ చేస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

ఆ ఫాంట్‌లో బోల్డ్ లేదు. లేని బోల్డ్ అడిగితే ఫోన్ ఉన్న గీతనే నాలుగు వైపులా ఉబ్బిస్తుంది. ఇంగ్లీషుకు అంతగా తెలియదు. మన ణ, ఘ, ఝ లోపలి చిన్న ఖాళీలు పూడిపోతాయి, తలకట్టు అక్షరానికి అంటుకుపోతుంది. నిజమైన బోల్డ్ ఉన్న నోటో, హింద్ గుంటూరు, అనేక్‌లలో ఒకటి తీసుకుని ఆ ఫైల్‌ని కూడా ప్రాజెక్టులో కలపండి. రియాక్ట్ నేటివ్‌లో ఆండ్రాయిడ్ వైపు బోల్డ్ ఫైల్ దొరక్కపోతే మొత్తంగా సిస్టమ్ ఫాంట్‌కి జారిపోవడం కూడా ఉంది. ‘బోల్డ్ పెట్టగానే ఫాంట్ మారిపోయింది’ అనేవాళ్ల కథ అదే.

‘₹250 కట్టండి’ అని పెడితే రూపాయి గుర్తు వేరేలా ఉంది.

మీ ఫాంట్‌లో ఆ గుర్తు లేదు కాబట్టి ఫోన్ వేరే ఫాంట్ నుంచి తెచ్చి అతికించింది. రూపాయి గుర్తు వచ్చిందే 2010లో, అంతకు ముందు నాటి ఫాంట్లలో ఉండదు. అంకెలది కూడా ఇదే కథ. కొన్ని తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అంకెలు అక్షరాల కన్నా బాగా చిన్నవి. డబ్బు బటన్ మీద అంకె స్పష్టంగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం, ఫాంట్ ఎంచుకునేటప్పుడే ‘₹1,475’ రాసి చూడండి.

‘డౌన్‌లోడ్’ అని రాస్తే ‘డౌన్లోడ్’ అని వస్తోంది.

పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా కిందికి దిగుతుంది, మన లిపి పద్ధతి అది. ఆపాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. ఆండ్రాయిడ్ స్ట్రింగ్స్ ఫైల్‌లో దాన్ని సంఖ్య రూపంలో రాయడం మేలు, ఎందుకంటే కనబడదు కాబట్టి తర్వాత వచ్చినవాళ్లు తెలియక చెరిపేస్తారు.

ఈ అక్షరం ఒకప్పుడు ప్రపంచ వార్త అయింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో ఈ కనబడని అక్షరం కలిసిన ఒక వరస ఐఫోన్‌కి వస్తే యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది. మన లిపిని తెర మీద పేర్చడం ఎంత పెద్ద పనో ఆ రోజు నాకు అర్థమైంది.

లెటర్ స్పేసింగ్ పెంచవచ్చా?

వద్దు. అక్షరాల మధ్య ఎడం అది, తెలుగుకు సున్నా ఉంచండి. మెటీరియల్ పాత బటన్ స్టైల్లో కొంత స్పేసింగ్ ముందే ఉంటుంది, దాన్ని కూడా సున్నా చేయండి.

పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే బటన్ విరిగిపోతోంది.

అక్షరాల సైజు ఎస్‌పీలలో (ఫోన్‌లో పెట్టుకున్న అక్షరాల సైజును బట్టి పెరిగే కొలత) ఇవ్వండి, ఐఫోన్లో సొంత ఫాంట్‌కి ఫాంట్ మెట్రిక్స్ ద్వారా డైనమిక్ టైప్ (ఐఫోన్లో అదే పని చేసే సదుపాయం) కలపండి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అంత పెంచినప్పుడు మాట రెండు వరసల్లోకి వెళ్తుంది, వెళ్లనివ్వండి. ‘మాటను చివర్లో చుక్కలతో కత్తిరించు’ అన్న సెట్టింగ్ బటన్ మీద పెట్టకండి. ‘నమోదు చే...’ అని చూస్తే ఆ పెద్దాయనకు ఏం తెలుస్తుంది? రెండు బటన్లు పక్కపక్కన పట్టకపోతే ఒకదాని కింద ఒకటి వచ్చేలా చేయండి. పెద్ద అక్షరాలు ఆపేసే కోడ్ రాయమని ఒక క్లయింట్ అడిగారు. నేను రాయలేదు.

ఫాంట్ ఫైల్ వల్ల యాప్ బరువు పెరుగుతుందా?

కొంచెం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలే ఉన్నా ఫాంట్‌లో వత్తుల రూపాలు, గుణింతాల రూపాలు కలిపి వందల బొమ్మలుంటాయి. అందుకే ఫైల్ వందల కిలోబైట్లలో ఉంటుంది. ఒకటి రెండు లావులు చాలు, తొమ్మిదీ కలపకండి. ఫాంట్‌ను కత్తిరించే పనిముట్లు వాడితే లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని తప్పకుండా చెప్పండి. అవి పోతే ‘క్క’ అన్నది పొల్లుతో విడిపోయి పక్కపక్కన కూర్చుంటుంది.

యాప్‌లో కలపకుండా ఇంటర్నెట్ నుంచి దించుకునేలా చేయవచ్చా?

చేయవచ్చు. కానీ సిగ్నల్ ఒక గీత ఉండే ఊళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మొదటిసారి తెరిచినప్పుడు ఫాంట్ రాదు, ఒక రూపంలో కనిపించిన బటన్ కాసేపటికి ఇంకో రూపంలోకి గెంతుతుంది, వేలు పెట్టబోయిన చోటు జరుగుతుంది. బటన్ ఫాంట్ యాప్‌లోనే కలపండి.

విడుదలకు ముందు ఏ మాటలతో పరీక్షించాలి?

‘బటన్’, ‘టెస్ట్’ అని రాసి చూసి వదిలేయకండి. వ్యాన్ల యాప్ చేసినప్పుడు ఊళ్ల పేర్లు బటన్ల మీద పెట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా పరీక్ష మన ఊళ్లతోనే. ఇచ్ఛాపురంలో ఛ వత్తు కిందికి బాగా దిగుతుంది. శ్రీకూర్మంలో పైన గుడి దీర్ఘం, కింద క్రావడి, ఆ పక్కనే మ వత్తు. బొబ్బిలిలో బ వత్తు, నెల్లిమర్లలో రెండు చోట్ల ల వత్తు. పార్వతీపురం, గజపతినగరం పొడవుకు. పైడితల్లి అమ్మవారు అని రాస్తే ఐత్వం, వత్తులు, పొడవు అన్నీ ఒక్కసారే తేలిపోతాయి. వీటిని తక్కువ ధర ఫోన్ ఒకదాంట్లో, అక్షరాలు 200 శాతం చేసి, ఎండలో నిలబడి చూడండి. చూసేది మీరు కాకుండా, యాప్ ఎలా ఉండాలో తెలియని పెద్దవాళ్లెవరైనా అయితే మరీ మంచిది. బటన్ మీద ఏముందో పైకి చదవమనండి. నేను ఇప్పుడు ప్రతి యాప్‌నీ పలాస తీసుకెళ్లి ఆ గుమస్తా గారి చేతిలోనే ముందు పెడుతున్నాను.